ల్యాప్‌టాప్‌లో డీజే కన్సోల్: మిక్స్ సాఫ్ట్‌వేర్‌ని మీ చేతి అలవాటుకు తగ్గట్టు మార్చుకోవడం ఎలా?

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో ఒక సంగీత్‌కి డీజే చేశాను. హాల్లో ఉన్నవి పయనీర్ కంపెనీ సీడీజేలు, అంటే డీజేలు పాటలు వేసే ప్లేయర్లు. నేను ప్రాక్టీస్ చేసిందంతా ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే. పాట ఎక్కడ ఎత్తుకోవాలో ముందే క్యూ, అంటే గుర్తు, పెట్టుకున్నాను. హెడ్‌ఫోన్స్‌లో కాస్త ముందుకు విని, పాజ్ చేసి, మళ్లీ మొదటికి వద్దామని క్యూ నొక్కాను. ఇంట్లో అయితే పాత క్యూ దగ్గరికి వెళ్లిపోయేది. అక్కడ మాత్రం పాజ్ చేసిన చోటే కొత్త క్యూ పడింది. పెళ్లికూతురి ఎంట్రీకి పాట చరణం మధ్యలోంచి మొదలైంది. మెషీన్ చేయాల్సిన పనే చేసింది. ఇంట్లో నేను పెట్టుకున్న సెట్టింగే వేరు.

అందుకే రంగులు, బొమ్మల సంగతి తర్వాత చూద్దాం. ముందు బటన్లు పనిచేసే తీరు కలవాలి. ఇక్కడ చెప్పేది మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి. ఇంగ్లిష్‌లో పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటాయి, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది.

1. క్యూ మోడ్

ప్రిఫరెన్సెస్ తెరిచి డెక్స్ పేజీకి వెళ్లండి. డెక్ అంటే ఒక పాటని ఎక్కించి నడిపే ప్లేయర్ భాగం. అక్కడ క్యూ మోడ్ అనే జాబితా ఉంటుంది. నన్ను దెబ్బతీసింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పయనీర్ మోడ్‌లో పాట పాజ్‌లో ఉండి, మీరు క్యూ పాయింట్‌కి దూరంగా ఉంటే, క్యూ నొక్కగానే అక్కడే కొత్త క్యూ పడుతుంది. డెనాన్ (ఇంకో డీజే పరికరాల కంపెనీ) మోడ్‌లో అదే నొక్కుకి పాత క్యూ దగ్గరికి వెళ్లి ఆగుతుంది. పాట నడుస్తుండగా నొక్కితే మాత్రం రెండింటిలోనూ క్యూ దగ్గరికి వెళ్లి ఆగుతుంది. తేడా పాజ్‌లోనే బయటపడుతుంది కాబట్టి ఇంట్లో దాన్ని గమనించం. సీయూపీ అని ఇంకొకటి ఉంది, అందులో క్యూ బటన్ వదలగానే పాట మొదలవుతుంది. మీరు వెళ్లే చోట ఏ మెషీన్ ఉంటుందో అదే ఎంచుకోండి. ఎంచుకున్నాక ఒక పాట ఎక్కించి, పాజ్ చేసి, నాలుగైదుసార్లు క్యూ నొక్కి చూడండి.

2. స్పీడ్ స్లైడర్

అదే పేజీలో స్లైడర్ రేంజ్, దిశ ఉంటాయి. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 మార్క్ 2 టర్న్‌టేబుల్ 1979లో వచ్చినప్పటి నుంచి పిచ్ స్లైడర్‌ని మనవైపు లాగితే వేగం పెరగడమే అలవాటు. సీడీజేలూ అంతే. కాబట్టి కిందికి లాగితే వేగం పెరిగేలా ఉన్న ఆప్షన్‌కి టిక్ ఉందో లేదో చూడండి.

రేంజ్ విషయానికి వస్తే టెక్నిక్స్‌కి 8 శాతం, సీడీజే అలవాటున్నవాళ్లకి 6 లేదా 10 పెట్టండి. 128 బీపీఎం (నిమిషానికి ఇన్ని బీట్లు) పాటని 8 శాతం దాకా నెడితే 138 దాటుతుంది. మామూలు మిక్సింగ్‌కి అంతకంటే అక్కర్లేదు. తెరమీద స్లైడర్ బొటనవేలంతే ఉంటుంది. 50 శాతం రేంజ్ పెట్టుకుంటే మౌస్ వెంట్రుకవాసి కదిలినా బీట్ తప్పిపోతుంది.

3. ఈక్యూ, క్రాస్‌ఫేడర్

మిక్సర్ పేజీకి రండి. ఈక్యూ అంటే బాస్, మిడ్, ట్రెబుల్‌ని విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్. క్రాస్‌ఫేడర్ అంటే ఒక పాట నుంచి ఇంకో పాటకి జరిపే అడ్డ స్లైడర్. పయనీర్ డీజేఎం-900 నెక్సస్ 2 మిక్సర్ మీద ఈక్యూ, ఐసొలేటర్ అని ఒక స్విచ్ ఉంటుంది. ఐసొలేటర్‌లో పెడితే బాస్ నాబ్ పూర్తిగా ఎడమకి తిప్పినప్పుడు బాస్ మొత్తం పోతుంది. ఈక్యూలో అయితే 26 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, అడుగున కొంచెం మిగులుతుంది. మీ చెవికి ఐసొలేటర్ అలవాటైతే మిక్స్‌లో ఫుల్ కిల్ ఈక్వలైజర్ పెట్టుకోండి, లేకపోతే జాబితాలో ఉన్న మామూలు బైక్వాడ్ ఈక్వలైజర్ చాలు. క్రాస్‌ఫేడర్ కర్వ్ కూడా అక్కడే. స్క్రాచ్ చేసేవాళ్లు ఫాస్ట్ కట్ వైపు జరపండి.

నాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే అది మధ్యకి వచ్చేస్తుంది. అసలు నాబ్‌కి మధ్యలో ఉండే ఆ చిన్న క్లిక్‌కి బదులు ఇది.

4. రూపం

ఇప్పుడు ఇంటర్‌ఫేస్ పేజీలో స్కిన్, అంటే తెర రూపం, మార్చండి. లేట్‌నైట్, డియర్, షేడ్, టాంగో ఉంటాయి. నాకు లేట్‌నైట్ నచ్చుతుంది. అందులో నాలుగు డెక్‌లూ తెరుచుకుంటాయి, తిరిగే రికార్డు కూడా ఉంటుంది. ఆ రికార్డు 33⅓ వేగంతో తిరుగుతుంది, అంటే 1.8 సెకన్లకి ఒక చుట్టు. వినైల్ రికార్డుల మీద నేర్చుకున్నవాళ్లు దాని మీద తిరిగే గుర్తు చూసే బీట్ ఎక్కడుందో చెప్పేస్తారు. వేవ్‌ఫామ్స్ పేజీలో ఆర్‌జీబీ రంగులు పెట్టి, వాడని ప్యానెళ్లన్నీ మూసేసి ఫుల్‌స్క్రీన్ చేయండి.

ఇంకా దగ్గరగా కావాలంటే స్కిన్‌ని విప్పి మార్చుకోవచ్చు. ఇన్‌స్టాల్ అయిన చోట లేట్‌నైట్ ఫోల్డర్‌ని కాపీ చేసి, మీ సొంత మిక్స్ సెట్టింగ్స్ ఫోల్డర్‌లో స్కిన్స్ అనే ఫోల్డర్ పెట్టి అందులో కొత్త పేరుతో పేస్ట్ చేయండి. అసలు ఫోల్డర్ జోలికి పోకండి. లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో ఏ భాగం ఎక్కడుండాలో రాసి ఉంటుంది. పక్కపక్కన పేర్చే గ్రూపులో ఏది ముందు రాస్తే అది ఎడమవైపు వస్తుంది. స్లైడర్ కుడికి రావాలంటే దాని బ్లాక్ మొత్తం కట్ చేసి చివర పెట్టండి. బటన్ల బొమ్మలు ఎస్‌వీజీ ఫైళ్లు, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి రంగు మార్చవచ్చు. నేను మొదట మార్చినవి రెండే: క్యూకి నారింజ, ప్లేకి ఆకుపచ్చ. చీకట్లో కన్ను వెతికేది ఆ రెండు రంగుల కోసమే.

ఒక్కో మార్పు చేయగానే సేవ్ చేసి, స్కిన్ మళ్లీ లోడ్ చేసి చూడండి. ఒకేసారి పది మార్చి, ఎక్కడ తప్పిందో తెలియక ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను.

వర్చువల్ డీజే అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి రెడీమేడ్ స్కిన్లు దొరుకుతాయి, ఇంత శ్రమ అక్కర్లేదు. సెరాటో అనే మరో డీజే సాఫ్ట్‌వేర్‌లో లేఅవుట్ మార్చుకోవడం వరకే.