కెనడా పాత స్టాంపులు: ఒక్క ఎర్ర స్టాంపుతో మొదలుపెట్టండి

కెనడా పాత స్టాంపులు సేకరిద్దామనుకునేవాళ్ళు చాలామంది కేటలాగ్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ పేజీలో ఉండేది 1851 ఏప్రిల్‌లో వచ్చిన 3 పెన్స్ బీవర్, దాని పక్కనే అదే ఏడాది జూన్‌లో వచ్చిన 12 పెన్స్ నల్ల విక్టోరియా. బీవర్ బొమ్మకి రూపం ఇచ్చింది శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్, తర్వాత రైల్వే ఇంజనీరుగా పెద్ద పేరు తెచ్చుకున్నాయన. ఆ స్టాంపు వెతికితే దొరుకుతుంది గానీ, పళ్ళు (స్టాంపులు చించడానికి అంచుల్లో కొట్టే చిల్లులు) లేని స్టాంపు కాబట్టి నాలుగువైపులా తెల్ల అంచు మిగిలినది కావాలంటే జేబుకి గట్టిగానే చిల్లు పడుతుంది. ఇక 12 పెన్స్‌ది 51,000 అచ్చువేస్తే అమ్ముడుపోయినవి దాదాపు 1,450, మిగతావి 1857లో నాశనం చేశారు. దాని గురించి చదవండి, ఎగ్జిబిషన్‌లో కనిపిస్తే నిలబడి చూడండి, అంతే.

నా మాట వింటే 3 సెంట్ల స్మాల్ క్వీన్‌తో మొదలుపెట్టండి. పక్కకి తిరిగి ఉన్న విక్టోరియా రాణి తల, ఎరుపు రంగు, వేలి గోరు కంటే కాస్త పెద్ద సైజు. 1870 నుంచి 1897 దాకా అచ్చవుతూనే ఉంది. ఆ కాలంలో కెనడాలో మామూలు ఉత్తరానికి 3 సెంట్లే రేటు కాబట్టి కోట్ల సంఖ్యలో వాడారు, అందుకే ముద్ర పడినవి మూటగా కొంటే ఒక్కోటి డాలరు లోపే వస్తాయి. చవక కదా అని చిన్నచూపు వద్దు. అన్నేళ్ళు ఒకే బొమ్మని అచ్చువేస్తే ప్లేట్లు అరుగుతాయి, ఇంకు మారుతుంది, కాగితం మారుతుంది, పళ్ళు కొట్టే మెషీన్ మారుతుంది, ఏకంగా ప్రెస్సే ఊరు మారింది. ఇవన్నీ ఆ చిన్న కాగితం ముక్క మీద కనపడతాయి, చూడటం వస్తే. వెరైటీల సేకరణ అంటే ఆ చూపు అలవాటు చేసుకోవడమే, ఖరీదైనవి కొనడం కాదు.

ముందు సామాను. పది రెట్లు పెద్దగా చూపించే మంచి లూప్ ఒకటి, ట్వీజర్స్, పళ్ళు కొలిచే పెర్ఫొరేషన్ గేజ్, వాటర్‌మార్క్ (కాగితంలోనే ఉండే గుర్తు) చూడటానికి అడుగున నల్లగా ఉండే చిన్న ట్రే, అందులో పోయడానికి వాటర్‌మార్క్ ఫ్లూయిడ్, స్టాంపులు దోపి దాచుకునే స్టాక్‌బుక్ ఒకటి. ఫ్లూయిడ్‌కి బదులు లైటర్‌లో పోసే ద్రవం వాడేవాళ్ళు ఉన్నారు, అది మంట అంటుకునే సరుకు కాబట్టి కిటికీ తీసి, పొయ్యికి దూరంగా కూర్చోండి. కేటలాగ్ విషయానికొస్తే స్కాట్‌లో నంబర్లు తెలుస్తాయి గానీ వెరైటీలు కావాలంటే కెనడాకే పరిమితమైన యూనిట్రేడ్ స్పెషలైజ్డ్ కేటలాగ్ ఉండాలి, రెండు మూడేళ్ళ పాతదైనా పర్లేదు, ధరలు మారతాయేమో గానీ 1870లో జరిగింది మారదు.

ఇప్పుడు ఓ రెండొందల స్టాంపుల మూట తెచ్చుకున్నారనుకుందాం. రంగు చూసి వేరుచేయడం మొదలుపెట్టకండి, అందరూ పడే గుంట అదే. ముందు తపాలా ముద్రలో తేదీ, ముఖ్యంగా సంవత్సరం, స్పష్టంగా కనపడేవి ఏరండి. చాలా స్టాంపుల మీద గీతలో వలయాలో తప్ప ఇంకేం ఉండవు, వాటిని పక్కన పెట్టండి. 1893 నుంచి వాడకంలోకి వచ్చిన స్క్వేర్డ్ సర్కిల్ ముద్రలు, అంటే గుండ్రం చుట్టూ చతురస్రంలా గీతలు ఉన్నవి, కనిపిస్తే సంబరపడండి, వాటిలో ఊరూ తేదీ చక్కగా చదవొచ్చు. అవి విడిగా సేకరించేవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి మీకు డూప్లికేట్ అనిపించింది ఇంకొకరికి పనికొస్తుంది.

ఏరిన వాటిని సంవత్సరం వారీగా స్టాక్‌బుక్‌లో వరసగా పెట్టి, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూడండి. ట్యూబ్‌లైట్ కింద వద్దు, ఫోన్ స్క్రీన్ మీద అసలే వద్దు. అప్పుడు తేడా తెలుస్తుంది: మొదటి ఏళ్ళవి కాస్త రాగి పోలికతో, 1870ల మధ్యకి వచ్చేసరికి నారింజ వైపు జరిగిన మందమైన ఎరుపు, 1888 దాటాక కళ్ళకి కొట్టొచ్చే వెర్మిలియన్. ఈ వరసే మీ కొలబద్ద. తేదీ లేని స్టాంపుని దీని పక్కన పెట్టి ఏ కాలం నాటిదో అంచనా వేయొచ్చు. కేటలాగ్‌లో ‘రోజ్ రెడ్’, ‘డల్ రెడ్’ అని చదివి ఊహించుకోవడం కంటే ఇది వందరెట్లు నయం.

ఈ తేడాల వెనక ఉన్న సంగతి కూడా తెలుసుకోండి, అప్పుడే గుర్తుంటుంది. బ్రిటిష్ అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ వీటిని మొదట ఒటావాలో అచ్చువేసింది, 1870ల మొదట్లో పని మాంట్రియల్‌కి మారింది, 1888 ప్రాంతంలో మళ్ళీ ఒటావాకి వచ్చింది. అందుకే సేకరించేవాళ్ళు మొదటి ఒటావా, మాంట్రియల్, రెండో ఒటావా అని మూడు ముక్కలు చేసి మాట్లాడుకుంటారు. స్కాట్‌లో రెండో ఒటావా వెర్మిలియన్‌కి 41 అని నంబర్ ఇచ్చి, ముందువాటిని 37 కింద ఉంచారు. గేజ్ తీయండి: 2 సెంటీమీటర్లలో ఎన్ని పళ్ళున్నాయో అదే కొలత. మామూలుగా నాలుగువైపులా 12 వస్తుంది. మాంట్రియల్‌లో 1870లలో అచ్చయినవాటిలో అడ్డంగా 11½, నిలువుగా 12 వచ్చేవి ఉంటాయి. బాగా తొలినాటి వాటిలో 12½ ఒకటి ఉంది, అది దొరికితే అదృష్టమే, అందుకే గేజ్ మీద రెండుసార్లు చూసుకోండి. కంటితో 11½కీ 12కీ తేడా పట్టలేరు, ఎంత అనుభవం ఉన్నా గేజ్ పెట్టాల్సిందే.

ఒక జాగ్రత్త. మొదటి ముద్రణ షేడు ‘ఇండియన్ రెడ్’కి ధర ఎక్కువ. మామూలు ఎరుపు స్టాంపు గాలిలోని గంధకం వల్ల నల్లబడి గోధుమరంగులోకి తిరిగినా పైకి అలాగే కనిపిస్తుంది, కొందరు దాన్నే ఇండియన్ రెడ్ అని అమ్మేస్తుంటారు. నల్లబడినది లూప్ కింద మచ్చలు మచ్చలుగా, ఒకచోట ముదురు ఒకచోట లేతగా ఉంటుంది. అసలైనది అంతటా ఒకే తీరు, పైగా ప్లేటు కొత్తది కాబట్టి జుట్టు గీతలు, చెంప మీది నీడ గీతలు విడివిడిగా తెలుస్తాయి. ముద్రలో 1880ల తేదీ ఉంటే ఇంక ఆలోచించే పనే లేదు, అది ఇండియన్ రెడ్ కాదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, రీ-ఎంట్రీలు. ఇవి అర్థం కావాలంటే ప్లేటు ఎలా తయారయ్యేదో తెలియాలి. చెక్కేవాడు ఒక్క ఉక్కు ముక్క మీద రాణి బొమ్మని తిరగేసి చెక్కుతాడు, అది డై. దాన్ని గట్టిపరిచి, దాని మీద మెత్తటి ఉక్కు రోలర్‌ని విపరీతమైన ఒత్తిడితో దొర్లిస్తే బొమ్మ రోలర్‌కి ఎక్కుతుంది. ఆ రోలర్‌ని కూడా గట్టిపరిచి పెద్ద ప్లేటు మీద ఒక్కో గడిలో ముందుకీ వెనక్కీ దొర్లిస్తూ బొమ్మ దించుతారు, గడి తర్వాత గడి. ఒక గడిలో బొమ్మ సరిగా దిగకపోయినా, లక్షల కాగితాలు తీశాక అరిగిపోయినా, అదే రోలర్‌ని మళ్ళీ అదే గడిలో దించాలి, రీ-ఎంట్రీ అంటే అదే. అది వెంట్రుకవాసి పక్కకి పడిందా, పాత గీత, కొత్త గీత రెండూ మిగిలిపోతాయి. అలాంటి గడి నుంచి వచ్చిన ప్రతి స్టాంపులోనూ ఆ జంట గీత ఉంటుంది.

ఎక్కడ చూడాలంటే, పైన ‘కెనడా పోస్టేజ్’ అనే అక్షరాల లోపల, కింది అంకెల చుట్టూ, బయటి గీత మూలల్లో. తెల్లగా ఉండాల్సిన అక్షరంలో సన్నటి రంగు గీత అడ్డంగా పోతుంటే ఊపిరి బిగబట్టి చూడండి. అచ్చువేసేటప్పుడు కాగితం కాస్త జరిగినా బొమ్మ రెండుగా కనిపిస్తుంది, కానీ అది వేరు: అక్కడ అంతటా ఒకే వైపుకి మసకగా అలుక్కుపోయినట్టుంటుంది. రీ-ఎంట్రీ గీత పదునుగా, సూదితో గీసినట్టు ఉంటుంది, సాధారణంగా బొమ్మలో కొంత భాగానికే పరిమితం. తేల్చుకోవాలంటే సరిగ్గా అదే గుర్తు ఉన్న రెండో స్టాంపు దొరకాలి, లేదా ఇదివరకు ఎవరైనా చూసి ఫొటో పెట్టి ఉండాలి. ఒక్కసారే కనిపించిన చుక్కలు, మరకలు ఇంకు తుంపరలు కావచ్చు, వాటికి డబ్బు పోయకండి. స్కానర్ ఉంటే 1200 డీపీఐలో స్కాన్ చేసి దాచుకోండి, పోల్చడం సులువవుతుంది.

స్మాల్ క్వీన్లలో పేరుమోసిన రీ-ఎంట్రీ 5 సెంట్ల బూడిదరంగు దాంట్లో ఉంది. ప్లేటు చేసేటప్పుడు ఒక గడిలో పొరపాటున 6 సెంట్ల రోలర్ దించారు, చూసుకుని దాన్ని చెరిపి 5 సెంట్లది దించారు, అయినా కింద పాత గుర్తులు పూర్తిగా పోలేదు. ‘6 మీద 5’ అని పిలుస్తారు. ఖరీదైనదే, కానీ తెలియక మామూలు వాటిలో కలిపేసిన మూటల్లోంచి బయటపడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, అందుకే 5 సెంట్లవి ఎక్కడ కనిపించినా వదలకండి.

కన్ను కుదిరాక అటూ ఇటూ కదలండి. వెనక్కి వెళితే 1868 నాటి లార్జ్ క్వీన్లు, అంటే ఇదే రాణి తల పెద్ద సైజులో ఉన్నవి. వీటిలో కాగితమే పెద్ద చదువు. కొన్ని షీట్లలో ‘ఈ అండ్ జీ బాత్‌వెల్ క్లూథా మిల్స్’ అనే వాటర్‌మార్క్ షీట్ మొత్తానికి రెండు వరసల్లో పరుచుకుని ఉంటుంది, కాబట్టి ఒక్కో స్టాంపుకి ఒకటో రెండో అక్షరాల ముక్క మాత్రమే వస్తుంది. ట్రేలో బొమ్మ కిందికి ఉండేలా పెట్టి ఫ్లూయిడ్ చుక్క వేయండి, అక్షరం ఉంటే నల్లగా తేలుతుంది, కొన్ని క్షణాలే, ఆరిపోయేలోపు చూడాలి. దగ్గర దగ్గరగా సమాన దూరంలో గీతలు కనిపిస్తే అది లెయిడ్ కాగితం. 2 సెంట్ల ఆకుపచ్చ లార్జ్ క్వీన్ లెయిడ్ కాగితం మీద ఉన్నవి ప్రపంచం మొత్తంలో 3 మాత్రమే తెలుసు.

ముందుకి వెళితే 1898 డిసెంబర్‌లో వచ్చిన మ్యాప్ స్టాంపు, ప్రపంచపటంలో బ్రిటిష్ సామ్రాజ్యాన్ని ఎర్రగా చూపించినది. నల్లని గీతలు చెక్కుడు ప్లేటుతో, ఎరుపు, సముద్రం రంగు వేరే అచ్చుతో వేశారు, అంటే కాగితం మూడుసార్లు ప్రెస్‌లోకి వెళ్ళింది. ఆ ఎరుపు కాస్త జరిగితే సామ్రాజ్యం సముద్రంలోకి ఒరిగినట్టు కనిపిస్తుంది. మన దేశం కూడా అందులో ఎర్రగానే ఉంటుంది, లూప్ కింద చూడండి. సముద్రం లావెండర్, నీలం, ఆకుపచ్చ ఛాయల్లో దొరుకుతుంది. పెద్ద ఖర్చు లేకుండానే ఓ ఇరవై ముప్పై రకాలు పోగుచేయొచ్చు.

ఆ తర్వాత 1911లో మొదలైన అడ్మిరల్ సిరీస్, అయిదో జార్జ్ నౌకాదళం దుస్తుల్లో ఉంటాడు. అప్పటిదాకా కాగితం తడిపి అచ్చువేసేవాళ్ళు, ఆరాక కుంచించుకుపోయేది. 1922 చివర్లో పొడి కాగితం మీద అచ్చు మొదలైంది, అందుకని ఆ స్టాంపుల్లో బొమ్మ వెడల్పు దాదాపు అర మిల్లీమీటరు ఎక్కువ. ఒక తడి అచ్చు స్టాంపుని కోసి, దాని అంచుని కొలబద్దలా ఇంకోదాని మీద పెట్టి చూస్తే చాలు, స్కేలు కంటే త్వరగా తేలుతుంది. అర్థరూపాయి విలువ చేయని చిరిగిన స్టాంపుతో ఈ పని చేసుకోండి. ఇంకా తర్వాతవాటిలో 1929 బ్లూనోజ్ ఓడ స్టాంపు మీద తెరచాప స్తంభం ఎక్కిన మనిషిలా కనిపించే ‘మ్యాన్ ఆన్ ద మాస్ట్’, 1935లో 1 సెంట్ స్టాంపు మీద యువరాణి ఎలిజబెత్ కంటి కింద కన్నీటిబొట్టులా ఉండే ‘వీపింగ్ ప్రిన్సెస్’ ప్లేటు గుర్తులు అందరికీ తెలిసినవే, కాబట్టి వాటి ధర ముందే పెరిగిపోయి ఉంటుంది.

కొనేటప్పుడు వెనక వైపు ఫొటో అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. కాగితం పలచబడిందా, చీలిక అతికించారా అన్నది వెనకే తెలుస్తుంది. స్మాల్ క్వీన్లలో బొమ్మ సరిగ్గా మధ్యలో ఉన్నవి తక్కువ, అందుకే అలాంటివాటికి ధర ఎక్కువ, మనకి వెరైటీ ముఖ్యం కాబట్టి పక్కకి జరిగినవి సంతోషంగా తీసుకోవచ్చు. ఒక వైపు పళ్ళు మరీ నీట్‌గా ఉంటే తర్వాత కొట్టినవేమో అనుమానించండి. అడ్మిరల్ కాయిల్ స్టాంపులు (చుట్టలుగా అమ్మినవి, రెండు వైపులా పళ్ళుండవు) అని చెప్పి మామూలువాటి పళ్ళు కత్తిరించి తయారుచేస్తారు. 1897 జూబిలీ సిరీస్‌లో డాలరు నుంచి 5 డాలర్ల దాకా ఉన్నవాటి ముద్ర కడిగేసి, జిగురు పూసి కొత్తవిగా అమ్ముతారు, అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే కడిగిన ముద్ర ఆనవాళ్ళు చాలావరకు బయటపడతాయి. పెద్ద మొత్తం పెట్టేచోట స్టాంపు అసలైనదో కాదో పరీక్షించి చెప్పే టొరంటోలోని విన్సెంట్ గ్రేవ్స్ గ్రీన్ ఫౌండేషన్ సర్టిఫికెట్ ఉందా అని అడగండి, లేకపోతే సర్టిఫికెట్‌కి పంపి, నకిలీ అని తేలితే డబ్బు వెనక్కి ఇస్తానని రాతపూర్వకంగా తీసుకోండి. టొరంటో పక్కన బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు ఉంటున్న మనవాళ్ళకి ఈ విషయంలో పెద్ద వసతి ఉంది, స్టాంప్ షోలకి వెళ్ళి డబ్బాల్లో పోసిన సరుకుని చేత్తో ఏరుకోవచ్చు.

కవరు మీద ఉన్న స్టాంపుని నీళ్ళలో వేయకండి. తేదీ, ఊరు, రేటు కలిసి ఉన్న కవరు విడి స్టాంపు కంటే ఎక్కువ చెబుతుంది. 1889 దాకా 3 సెంట్లకి అర ఔన్సు ఉత్తరమే వెళ్ళేది, తర్వాత అదే ధరకి ఔన్సు. పాత కవరు మీద 6 సెంట్లు ఉంటే ఎందుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇక విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో ఉంటే తేమతో జిగురు మీద, పళ్ళ చివర్లలో గోధుమ మచ్చలు వస్తాయి, ఒకసారి వస్తే పక్క స్టాంపులకీ పాకుతాయి. స్టాక్‌బుక్‌ని పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి, అల్మరాలో సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో తరచూ మార్చండి, మచ్చ ఉన్నదాన్ని ఎంత మంచి వెరైటీ అయినా వేరే కవర్లో పెట్టండి.