కుట్టు గది, గుడ్డల బీరువా సర్దుకోవడం ఎలా?

కుట్టు గది సర్దుకుందామని అనుకోగానే చాలామంది చేసే మొదటి పని డబ్బాలు కొనడం. లోపలిది కనిపించే ప్లాస్టిక్ పెట్టెలు, చక్రాల ట్రాలీ, గోడకు వేలాడే జేబుల సంచి అన్నీ వస్తాయి. నెల తిరిగేసరికి ఆ పెట్టెల మూతల మీదే కత్తిరించని గుడ్డలు గుట్టగా పడి ఉంటాయి. డబ్బాలు ఆఖరున కొనవచ్చు, అసలు కొనకపోయినా నష్టం లేదు. ముందు ఒక కట్టుబాటు పెట్టుకోండి. తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మళ్లీ కొలిచాక గానీ కొత్త నూలు గుడ్డ బీరువాలోకి పోకూడదు. మిగతా సర్దుబాటంతా దాని తరువాతే.

మిషన్, బల్ల, పనిముట్లు

కిటికీ మీ ఎడమచేతి వైపు వచ్చేలా మిషన్ వేయండి. కుడిచేతి వాటం వారికి అప్పుడే చేతి నీడ సూది మీద పడదు. రాత్రి దీపం కూడా అటువైపే ఉండాలి. కత్తిరించడానికి నడుము ఎత్తు బల్ల మేలు. లేకపోతే భోజనాల బల్ల, అదీ లేకపోతే శుభ్రంగా తుడిచిన నేల. మంచం మీద మాత్రం వద్దు. పరుపు కుంగి గుడ్డ జారుతుంది, కింద ఉన్న దుప్పటి కూడా తెగుతుంది. ఇస్త్రీ పెట్టె మిషన్‌కు దగ్గరలోనే పెట్టుకోండి. ప్రతి అతుకుకూ లేచి పక్క గదికి వెళ్లాలంటే ఎవరూ వెళ్లరు, జాకెట్టు చూడగానే ఆ సంగతి తెలిసిపోతుంది.

బట్టకు ఒక కత్తెర, కాగితానికి మరొకటి. బట్ట కత్తెరను ఇంట్లోవాళ్ల కంటపడని చోట దాచండి, పాల ప్యాకెట్ కోయడానికి వాళ్లకు అదే కావాలి. సూదుల్లో పలుచని పట్టుకు 11 నంబరు, మామూలు నూలుకు 14, జీన్స్ వంటి మందపు గుడ్డకు 16 ఉంటే ఇంటి కుట్టుకు చాలు. టేపు, చాక్, బాబిన్లు, హుక్కులు ఏ సొరుగులో పెట్టుకుంటారో మీ ఇష్టం.

ఉన్నదంతా కింద పోయండి

బీరువాలోవి, మంచం కిందవి, అటక మీద సూట్‌కేసులోవి అన్నీ ఒకేసారి బయటికి తీయండి. సగం సగం తీసి సర్దితే సర్దినట్టు కాదు.

ముందుగా తాంబూలంలో వచ్చిన రవికె ముక్కలు పక్కకు తీయండి. ఇవి ఒక కట్ట లేని తెలుగు ఇల్లు ఉండదు. ఒక పేరంటంలో పుచ్చుకున్నవి, మరో పేరంటంలో ఇవ్వడానికి దాచుకున్నవి. మహా అయితే 80 సెంటీమీటర్లు ఉంటాయి, చాలావాటిలో మోచేతి దాకా చేతులున్న జాకెట్టు రాదు. ఎప్పటికైనా కుడతానని సర్దిచెప్పుకోకుండా వాటిని పసుపు కుంకుమలు పెట్టే చోటికి పంపేయండి. ఆ ముక్కలు ఊరంతా తిరగడానికి పుట్టినవి, తిరగనివ్వండి.

ఇతరులు కుట్టమని ఇచ్చిన బట్టలు మీ గుడ్డలతో ఎప్పుడూ కలవకూడదు. ఒక్కొక్కరిది ఒక్కో గుడ్డ సంచి. అందులోనే వారి ఆది జాకెట్టు (కొలతకు ఇచ్చిన పాతది), కొలతల చీటీ, ఇవ్వాల్సిన తేదీ.

మిగిలినవాటిని గుడ్డ రకాన్ని బట్టి విడదీయండి: నూలు, ఖాదీ, లినెన్ ఒక గుట్ట, రేయాన్ ఒకటి, పట్టు ఒకటి, పాలియెస్టర్ ఒకటి, లైనింగులూ ఫాల్సూ వేరుగా ఒకటి. రంగుల ప్రకారం మాత్రం పేర్చకండి. వీడియోల్లో ఇంద్రధనుస్సులా పేర్చిన అరలు చూసి మురిసిపోయి అలాగే చేసేవారున్నారు. ఎర్ర పాప్లిన్, ఎర్ర రేయాన్, ఎర్ర పట్టు ఒకే దొంతరలో చేరతాయి. ఒకటి తడపాలి, ఒకటి తడపకూడదు, ఒకదానికి 14 సూది, ఒకదానికి 11. ఎరుపు అన్న ఒక్క పోలికతో వాటిని కలిపి ఉంచితే కంటికి ఇంపుగా ఉంటుందేమో గానీ కుట్టేవారికి పనికిరాదు. రంగు కళ్లకు ఎలాగూ కనిపిస్తుంది, దానికోసం సర్దనక్కర్లేదు.

తడపడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

లైనింగ్ తడిపి కుట్టాలని అందరికీ తెలుసు. ఎప్పుడు తడుపుతారన్నదే తంటా. శ్రావణ శుక్రవారానికి జాకెట్టు కావాలంటే గురువారం రాత్రి బకెట్‌లో వేస్తారు. వాన ముసురు, గుడ్డ ఆరదు. సగం తడి మీద ఇస్త్రీ చేసి, సాగిన గుడ్డనే కత్తిరిస్తారు. లేదా ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అని తడపకుండా వేసేస్తారు. మొదటి ఉతుకులో లైనింగ్ లోపల కురచ అవుతుంది, పై గుడ్డ అలాగే ఉంటుంది, చంక దగ్గరా వీపు మీదా ముడతలు లేస్తాయి. చీర ఫాల్ తడపకపోతే కుచ్చెళ్ల అంచు మొత్తం ముడుచుకుంటుంది. అందుకే కొన్న రోజునే, లేదా ఆ వారంలో ఎండ ఉన్న రోజున తడిపేయాలి. అవసరం వచ్చినప్పుడు చూద్దామంటే ఆ అవసరం ఎప్పుడూ ముందురోజు రాత్రే గుర్తొస్తుంది.

మగ్గం మీద పడుగు పోగులను, అంటే నిలువు పోగులను, బిగించి లాగి నేస్తారు, మిల్లు గుడ్డనైతే ఆ తరువాత కూడా సాగదీసే తానుకు చుడతారు. నీళ్లు తగిలితే ఆ బిగువు సడలి, పోగు ఉబ్బి, పొడవు తగ్గుతుంది. కొత్త నూలు గుడ్డ మీటరుకు 3 నుంచి 5 సెంటీమీటర్లు తగ్గడం మామూలే. పన్నా (వెడల్పు) కన్నా పొడవులోనే ఎక్కువ పోతుంది. రేయాన్ ఇంకా మొండిది. పాలియెస్టర్‌కు ఈ బెడద దాదాపు లేదు.

గంజి సంగతి కూడా ఉంది. మంగళగిరి నూలు కానివ్వండి, మరో చేనేత కానివ్వండి, పడుగుకు గంజి పట్టించి నేస్తారు. ఆ గంజితోనే బీరువాలో దాస్తే పురుగుకు విందు పెట్టినట్టే. తడిపితే గంజీ పోతుంది, పురుగు బెడదా తగ్గుతుంది.

తడిపే ముందు కత్తిరించిన రెండు కొసలకూ జిగ్‌జాగ్ గానీ, చేత్తో పెద్ద పెద్ద కుట్లు గానీ వేయండి. లేకపోతే పోగులు ఊడి చిక్కులు పడతాయి. తరువాత తడి చేసిన తెల్ల గుడ్డతో ఒక మూల గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ గుడ్డను విడిగా తడపాలి. కలంకారీ, ముదురు ఎరుపులు, నీలిమందు రంగులు అంటినా అంటకపోయినా విడిగానే. గుప్పెడు ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని చెప్పేవారి మాట నమ్మకండి. అద్దకంలో పట్టని రంగును బకెట్‌లో ఉప్పు పట్టించలేదు.

నీళ్లు చల్లనివి, సబ్బు లేనివి. గుడ్డను ఉండ చేసి ముంచకూడదు, వెడల్పు మడతలతో పరిచినట్టు వేసి, పూర్తిగా మునిగేలా అదమండి. మామూలు నూలుకు రెండు మూడు గంటలు, లైనింగ్‌కూ ఫాల్‌కూ రాత్రంతా. రంగు పోయే గుడ్డను మాత్రం అంతసేపు నానబెట్టక, పది నిమిషాల్లో తీసి నీళ్లు మార్చండి. కుట్టాక వాషింగ్ మెషీన్‌లో వేసే బట్టయితే ఇప్పుడే ఒకసారి అందులో తిప్పండి. రేపు పడబోయే పాట్లన్నీ గుడ్డ ఇవాళే పడాలి.

ఇక ఇది మరీ ముఖ్యం. పిండకండి. పిండితే పడుగూ, పేకా (అడ్డ పోగులు) ఒకదానిమీద ఒకటి ఒరిగిపోతాయి, ఆ ఒరుగు ఇస్త్రీకి కూడా సరిగా లొంగదు. నీళ్లు కారనిచ్చి, నీడలో, లావుపాటి వెదురు మీదో పైపు మీదో సగానికి వేసి ఆరేయండి. రెండు అంచులూ సమానంగా వేలాడాలి. మూలలకు క్లిప్పులు పెట్టి తీగకు తగిలిస్తే మూలలు సాగి గుడ్డ వంకర తిరుగుతుంది.

కొద్దిగా తడి ఉండగానే పడుగు వెంట, అంటే అంచుకు సమాంతరంగా ఇస్త్రీ చేయండి. ఏటవాలుగా లాగితే అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా. పూర్తయ్యాక అంచు మీద అంచు పెట్టి మడిచి చూడండి. మడత మెలిక తిరగకుండా చదునుగా కూర్చుంటే సరే. తిరిగితే కురచగా ఉన్న ఎదురెదురు మూలలు పట్టుకుని మెల్లగా లాగి మళ్లీ ఇస్త్రీ చేయండి. అప్పుడు టేపు తీసి పొడవూ పన్నా కొలవండి. దుకాణం బిల్లు మీది కొలత మరిచిపోండి.

పట్టు, టిష్యూ, వెల్వెట్, జరీ నిండిన గుడ్డలు ఈ పనికి దూరం. వాటికి వెనకవైపు నుంచి పలుచని గుడ్డ వేసి, తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే చాలు. దుకాణాల్లో ముందే తడిపిన లైనింగ్ అని అమ్ముతారు. దాన్నీ తడపండి.

అరల్లో పెట్టడం

ఒక్కో రకానికి ఒక అర. అందులో పొడవును బట్టి మూడు దొంతరలు: మీటరు లోపువి, రెండున్నర మీటర్ల లోపువి, అంతకు మించినవి. మడతలన్నీ ఒకే వెడల్పులో రావాలంటే గట్టి అట్ట ఒకటి కత్తిరించి పెట్టుకుని దాని మీదే మడవండి. గుడ్డలను పుస్తకాల్లా నిలబెడితే ఒకటి తీసినప్పుడు పక్కవి చెదరవు.

తడిపినట్టు గుర్తుగా గుడ్డ మూలకు తెల్ల దారంతో ఒక కుట్టు వేసి ముడివేయండి. గుండుసూది తుప్పు పట్టి మరక చేస్తుంది, రబ్బరు బ్యాండు కరిగి అంటుకుంటుంది. పాత నోటు పుస్తకంలో ఆ గుడ్డదే అంగుళం ముక్క అతికించి పక్కన పొడవు, పన్నా, తడిపిన తేదీ రాసుకోండి. కొత్తది కొనడానికి బయలుదేరే ముందు ఆ పుస్తకం చూస్తే చాలాసార్లు ప్రయాణం మానుకుంటారు.

పట్టును ప్లాస్టిక్ కవరులో ఉంచకండి. లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టండి.

కత్తిరింపులు

అరచేతికన్నా చిన్నవి పారేయండి. దాచినా ఎవరూ వాడరు. కాస్త పెద్దవాటిలోంచి పైపింగ్‌కు పనికొచ్చేలా అంగుళంపావు వెడల్పు క్రాస్ (ఏటవాలు) పట్టీలు ఇప్పుడే కోసి, ఒకదానికొకటి కుట్టి, అట్టముక్కకు చుట్టి పెట్టండి. మిగిలిన నూలు ముక్కలు ఒక సంచిలో బొంతకు. ఆ సంచి నిండిన రోజున బొంత మొదలుపెట్టాలి, లేదా బొంత కుట్టేవారికి ఇచ్చేయాలి. రెండో సంచి తెరవకూడదు.

వానాకాలం వెళ్లాక ఎండ కాసిన రోజున బీరువా తలుపులు తెరిచి ఉంచండి. పట్టు గుడ్డలను పాత మడత మీద కాకుండా పక్కకు జరిపి మడవండి, లేకపోతే మడత వెంట చిట్లుతాయి. సాగితే వెనక్కి రాని పాత ఎలాస్టిక్‌ను అదే రోజు పారేయండి.