పాత వీడియో క్యాసెట్ల సేకరణ - 3వ పాఠం: వీసీఆర్‌లో పెట్టకముందే చూడాల్సినవి

పోయిన పాఠం చదివి వెతికారంటే ఈపాటికి మీ చేతిలో రెండో మూడో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉండాలి. మిర్యాలగూడ పాత సామాన్ల కొట్టులో కొన్నవైనా, నల్లగొండలో చుట్టాలింటి సజ్జ మీంచి దించినవైనా సరే, వెంటనే వీసీఆర్‌లో పెట్టకండి. ఆ తొందర నేను పడ్డాను. మా బావ పెండ్లి క్యాసెట్ దొరికిందన్న సంబరంలో తోసేశాను. తెర నిండా చుక్కలే. దాని తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకూ అదే గతి పట్టింది. క్యాసెట్‌లోని బూజు, వీసీఆర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకుంది మరి. కొత్త వీసీఆర్లు చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో మానేసింది. ఉన్న మెషిన్‌నే కాపాడుకోవాలి.

క్యాసెట్‌ను వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని, పైనున్న చిన్న కిటికీలోంచి రీలును చూడండి. మంచి టేపు చుట్టలు నల్లగా, నున్నగా మెరుస్తాయి. పౌడరు చల్లినట్టో, సాలెగూడు అల్లినట్టో తెల్లగా కనబడితే బూజే. మన ఎండాకాలపు దుమ్ముతో పొరబడకండి. పైనున్న దుమ్ము గుడ్డతో తుడిస్తే పోతుంది, చుట్టల మీది తెలుపు కదలదు.

తర్వాత పక్కనున్న బుడిపె నొక్కి ముందు మూత ఎత్తండి. అరంగుళం వెడల్పు టేపు కనిపిస్తుంది. వేలు తగలనివ్వకండి. అంచులు నలిగాయేమో చూడండి. పై అంచున మామూలు శబ్దం ఉంటుంది, అది నలిగితే మాట తెగిపోతుంది. కింది అంచున టేపు వేగాన్ని సరిచూసే గుర్తులుంటాయి. అది నలిగితే వీసీఆర్‌లో బొమ్మను సరిచేసే ట్రాకింగ్ ఎంత తిప్పినా బొమ్మ నిలవదు. రెండిట్లో నాకు కింది అంచంటేనే టెన్షన్.

వెనక వైపు ఓ మూలన చిన్న ప్లాస్టిక్ పలుకు ఉందా? ఉంటే ఇప్పుడే విరిచేయండి, ఇక దాని మీద పొరపాటున రికార్డు కాదు. మా ఊళ్లో ఎన్ని పెండ్లిళ్ల మీద క్రికెట్ మ్యాచులు ఎక్కాయో!

అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్‌ను పక్కన పెట్టండి. టీవీ బొమ్మను రికార్డు చేసే పద్ధతి అక్కడిది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. దాని సంగతి వేరే పాఠంలో.

బూజు పట్టినవాటిని ఒక్కోదాన్నీ విడిగా కవర్లో పెట్టి, మంచివాటికి దూరంగా ఉంచండి. పారేయొద్దు. అడుగున ఐదు స్క్రూలుంటాయి. వచ్చే పాఠానికి వాటికి సరిపోయే చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి.