ఈక్వడార్‌లో ఫీల్డ్ రీసెర్చ్‌కి వెళ్తున్నారా? ప్రశ్నలు ముందు వంటింట్లో చదవండి

డిగ్రీలో ఒక సెమిస్టర్ ఈక్వడార్ వెళ్లి, చివరి నెల సొంతంగా ఫీల్డ్ రీసెర్చ్ చేయబోయేవాళ్లకి ఒక మాట. ప్రశ్నలు ఇంగ్లిష్‌లో రాసుకుని, స్పానిష్‌లోకి మార్చేసి, నేరుగా జనం దగ్గరికి వెళ్లిపోకండి. మీరు ఉంటున్న ఇంటావిడ వంట చేస్తుంటే పక్కన నిలబడి పైకి చదవండి, ఆవిడ ఎక్కడ గరిటె ఆపి "కోమో?" (ఏంటీ?) అంటుందో ఆ ప్రశ్న మార్చాల్సిందే. ఒటవాలో అనే ఊళ్లో నేతవాళ్ల కోసం నేను రాసుకున్న 12 ప్రశ్నల్లో 5 అలాగే పోయాయి, అందులో మొదటిది "నెలకి ఎంత సంపాదిస్తారు?"

పెద్దవాళ్లని "తూ" అనకండి, "ఉస్తెద్" అనండి. నువ్వు, మీరు తేడా మనకి చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. ఒటవాలోలో చాలామంది ఇంటి భాష కిచ్వా, వెళ్లేటప్పుడు "యుపయ్‌చాని" అని ఆ భాషలో థాంక్స్ చెప్పి చూడండి, ముఖం వెలిగిపోతుంది. శనివారం పెద్ద సంత, బేరాల హడావిడిలో ఎవరికీ తీరిక ఉండదు, వారం మధ్యలో వెళ్లండి. 2000 నుంచి అక్కడ అమెరికా డాలరే నడుస్తోంది, కానీ చిన్న కొట్లలో 20 నోటుకి చిల్లర దొరకడం కష్టం, 1, 5 నోట్లు జేబులో ఉంచుకోండి.

యూనివర్సిటీ నుంచి ఎథిక్స్ అనుమతి చేతికి రాకుండా ఒక్క ఇంటర్వ్యూ కూడా మొదలుపెట్టకండి, అది వచ్చాక కూడా రికార్డర్ నొక్కే ముందు ప్రతి మనిషినీ అడగండి. వద్దంటే నోట్‌బుక్ చాలు, కాకపోతే ఆ రాత్రి పడుకునేలోపే అంతా శుభ్రంగా రాసేయండి.