అల్-అక్సా, టెంపుల్ మౌంట్ వార్తను ఎలా చదవాలి

జెరూసలెంలోని అల్-అక్సా లేదా టెంపుల్ మౌంట్ అనే ఆవరణ గురించి వార్త రాగానే ముందు తేల్చుకోవాల్సింది, గొడవ దేని గురించి అన్నది. ఆ చోటుతో యూదులకు చారిత్రక బంధం ఉందా? దాని నిర్వహణ ఎవరి చేతిలో ఉంది? లోపల ప్రార్థించే హక్కు ఎవరిది? ఇవి మూడూ వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి అవునన్నంత మాత్రాన మిగతా రెండూ తేలిపోవు. వీటిని కలిపేయడం వల్లే సగం వాదనలు దారి తప్పుతున్నాయి.

తర్వాత స్థలం చూడండి. ఆవరణ మొత్తం సుమారు 35 ఎకరాలు. దక్షిణపు కొసన కిబ్లీ మసీదు, నడుమ బంగారు గుమ్మటంతో డోమ్ ఆఫ్ ద రాక్ అనే ముస్లిం కట్టడం. ముస్లింలు ఆవరణ అంతటినీ అల్-అక్సా అంటారు, యూదులు టెంపుల్ మౌంట్ అంటారు. కాబట్టి ‘అల్-అక్సాలోకి చొరబడ్డారు’ అని కనిపిస్తే రెండు విషయాలు వెతకండి: ఆవరణలోకా, మసీదు భవనంలోకా? వెళ్లింది సందర్శకులా, పోలీసులా? సందర్శకులు మొరాకో ద్వారం గుండా వచ్చి ఆవరణలో నడిచి వెళ్లడం ఒక సంగతి. 2023 ఏప్రిల్‌లో పోలీసులు మసీదు లోపలికే దూసుకెళ్లడం పూర్తిగా వేరే సంగతి. ఆవరణకు పడమటి వైపున్న, యూదులకు పవిత్రమైన పశ్చిమ గోడను కూడా దీనితో కలపకండి. యూదులు ప్రార్థించే చోటు ఆ గోడకు బయటివైపు మైదానంలో ఉంది, దాని ఏర్పాట్లు వేరు.

‘యథాతథ స్థితి’ అన్న మాట వచ్చినచోట ఆగండి. జోర్డాన్ చేతిలోని తూర్పు జెరూసలెంను ఇజ్రాయెల్ స్వాధీనం చేసుకున్న 1967 యుద్ధం తర్వాత కుదిరిన ఈ ఏర్పాటు అంతా రాసి ఉన్న పత్రం ఒక్కటీ లేదు. స్థూలంగా: లోపలి నిర్వహణ జోర్డాన్ కింద పనిచేసే ఇస్లామిక్ వక్ఫ్‌ది, భద్రత ఇజ్రాయెల్ పోలీసులది. ముస్లిమేతరులు నిర్ణీత వేళల్లో చూసి వెళ్లొచ్చు, ప్రార్థన మాత్రం ముస్లింలదే. 1994 ఇజ్రాయెల్-జోర్డాన్ ఒప్పందంలోని 9వ అధికరణం జోర్డాన్ ప్రత్యేక పాత్రను గౌరవిస్తుంది. అదే అధికరణం పవిత్ర స్థలాలకు స్వేచ్ఛగా వెళ్లే వీలు కల్పించాలనీ అంటుంది. ఎవరికి కావాల్సిన సగం వాళ్లు చూపిస్తారు, మీరు రెండూ చదవండి.

ప్రకటననూ ఆచరణనూ విడివిడిగా చూడాలి. 2024 ఆగస్టు 13న ఇజ్రాయెల్ మంత్రి బెన్-గ్విర్ అక్కడ యూదుల ప్రార్థనకు అనుమతి ఉందన్నారు. ప్రధాని కార్యాలయం ఏమీ మారలేదంది. అలాంటప్పుడు ఎవరో ఒకరి మాటే పట్టుకోకుండా, ఆ రోజు అక్కడ ఏం జరిగిందో వెతకాలి. ‘యూదుల డిమాండ్’ అని గంపగుత్తగా రాయడమూ తప్పే. మతపరమైన శుద్ధి నియమాల వల్ల అక్కడ అడుగే పెట్టొద్దని ఇజ్రాయెల్‌లోని ప్రధాన రబ్బీల (యూదు మతగురువుల) వ్యవస్థ చెబుతూ వచ్చింది.

అక్కడ యూదుల ఆలయమే లేదన్న వాదన నిలవదు. అక్కడున్న యూదుల రెండో ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు కూల్చారు. యూదులు కానివారు ఈ హద్దు దాటితే తమ చావుకు తామే బాధ్యులని గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాయి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. జెరూసలెం సుప్రీం ముస్లిం కౌన్సిల్ 1925లో వేసిన గైడ్ కూడా ఇది సొలొమోను ఆలయ (యూదుల మొదటి ఆలయ) స్థలమన్నది వివాదం లేని విషయమని రాసింది.

తీర్మానాల వార్తలకైతే అసలు పాఠమే తెరవండి. 2016 అక్టోబరులో జెరూసలెంపై తీర్మానానికి యునెస్కో కమిటీలో 24 దేశాలు అనుకూలంగా, 6 వ్యతిరేకంగా ఓటేశాయి, 26 తటస్థంగా ఉన్నాయి. ‘యూదుల బంధాన్ని తోసిపుచ్చింది’ అన్న శీర్షికలు వచ్చాయి. అలాంటి వాక్యం అందులో లేదు, పాత నగరం మూడు మతాలకూ ముఖ్యమనే ఉంది. కానీ ఆవరణను ముస్లిం పేర్లతోనే పిలిచింది. యూదుల బాధకు అసలు కారణం అదే, దాన్ని చిన్నబుచ్చకూడదు.

ఎవరైనా ఒక్క ఏడాదినే పట్టుకుని వాదిస్తే పక్క ఏడాదీ చూడండి. 1949 ఇజ్రాయెల్-జోర్డాన్ యుద్ధవిరమణ ఒప్పందం పవిత్ర స్థలాలకు దారి ఇవ్వాలంది, అయినా 1967 దాకా ఇజ్రాయెల్ యూదులు పశ్చిమ గోడ దగ్గరికి వెళ్లలేకపోయారు. 1967లో ఆ గోడ ముందు మైదానం కోసం మొరాకో వాడలోని ఇళ్లను కూల్చి అక్కడివాళ్లను ఖాళీ చేయించారు.

వెస్ట్ బ్యాంకులోని హెబ్రోన్‌లో రెండు మతాలకూ పవిత్రమైన ఇబ్రహీమీ మసీదు (పితరుల గుహ) వార్తకు ఈ లెక్క పనికిరాదు. 1994లో ఒక యూదు దుండగుడు 29 మంది ముస్లింలను కాల్చి చంపాక అక్కడి కట్టడాన్నే రెండు మతాలకూ విభజించారు.

చివరగా తేదీ. రంజాన్, యూదుల పస్కా పండుగ కలిసి వచ్చే రోజుల్లో పాత వీడియోలు మళ్లీ తిరుగుతాయి. షేర్ చేసే ముందు అది ఏ ఏడాదిదో చూడండి.