కష్టాల్లో ఉన్న గిటార్ కంపెనీ పగ్గాలు చేపట్టేవారు ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి

గిటార్లు తయారుచేసే కంపెనీ అప్పుల్లో కూరుకుపోయినప్పుడు పాత అధిపతిని పంపించి కొత్తవారిని కూర్చోబెట్టాలన్న ఆలోచన వాటాదారులకూ అప్పులిచ్చినవారికీ అందరికంటే ముందు వస్తుంది. అయితే కుర్చీలో మనిషి మారినంత మాత్రాన వాయిద్యం మారదు. కొత్తగా వచ్చినవారు ఏ పని ముందు పెట్టుకున్నారు, దేనిని వాయిదా వేశారు అన్నదాని మీదే కంపెనీ బతకడం ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసం ఆ వరుస గురించే. ఇందుకు అమెరికాలో జరిగిన రెండు అనుభవాలను ఆధారంగా తీసుకున్నాను. ఒకటి 1981 నుంచి 1985 వరకు ఫెండర్ కంపెనీలో జరిగింది, రెండవది 2018లో గిబ్సన్ కంపెనీలో జరిగింది. ఈ రెండు పేర్లు లేకుండా ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రే లేదు కనుక, వాటి పతనమూ పునరుద్ధరణా ఈ రంగంలో పనిచేసే ప్రతివారూ చదవవలసిన పాఠాలని నమ్ముతున్నాను.

జబ్బు వాయిద్యానిదా, ఖాతాలదా?

బాధ్యత తీసుకునే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. బయటికి రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తాయి. అమ్మకాలు తగ్గుతాయి, పేరు చెడుతుంది, మంచి పనివారు వెళ్లిపోతారు. వైద్యం మాత్రం రెండింటికీ వేరు.

ఫెండర్‌ది వాయిద్యానికి పట్టిన జబ్బు. 1965 జనవరిలో ప్రసార సంస్థ సీబీఎస్ ఆ కంపెనీని 1.3 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ తర్వాతి పదిహేనేళ్లలో ఉత్పత్తి పెరిగిన కొద్దీ చేతిపని పలచబడింది. మెడ, ఒడలు కలిసే చోట సందు కనిపించే గిటార్లు దుకాణాలకు చేరాయి. సీబీఎస్ రాకకు ముందు తయారైనవాటి కోసం వాద్యకారులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. పాత సరుకుకు కొత్త సరుకు కంటే ఎక్కువ ధర పలకడం మొదలైందంటే, తయారీదారుకు అంతకు మించిన హెచ్చరిక ఉండదు.

గిబ్సన్‌ది ప్రధానంగా ఖాతాల జబ్బు. 2018 మే 1న ఆ కంపెనీ డెలావేర్ న్యాయస్థానంలో దివాలా రక్షణ కోరినప్పుడు అప్పు దాదాపు 50 కోట్ల డాలర్లు ఉంది. కానీ అప్పటికి కూడా గిటార్ల విభాగం లాభాల్లోనే ఉంది. రెండు వేల డాలర్లకు పైబడిన ఎలక్ట్రిక్ గిటార్ల అమెరికా మార్కెట్‌లో నలభై శాతానికి పైగా వాటా తమదేనని కంపెనీ న్యాయస్థానానికి చెప్పింది. ముంచింది గృహ వినోద పరికరాల వ్యాపారం. 2014లో ఫిలిప్స్ ఆడియో విభాగాన్ని 13.5 కోట్ల డాలర్లకు కొనడం, అంతకు ముందే జపాన్‌లోని టియాక్ కంపెనీలో పెద్ద వాటా తీసుకోవడం, కేక్‌వాక్ సాఫ్ట్‌వేర్ సంస్థను కలుపుకోవడం వంటి నిర్ణయాలన్నీ అప్పు మీదే నడిచాయి. 2018 వేసవిలో తీర్చవలసిన 37.5 కోట్ల డాలర్ల బాండ్ల గడువు దగ్గరపడేసరికి దారి మూసుకుపోయింది.

కనుక బాధ్యత స్వీకరించే ముందు విభాగాలవారీ లెక్కలు అడిగి తీసుకోవాలి. గిటార్లు మాత్రమే అమ్మితే ఎంత మిగులుతుంది, తక్కినవాటి మీద ఎంత పోతోంది అన్నది ఒకే కాగితం మీద కనిపించాలి. ఆ కాగితం ఇవ్వడానికి వెనకాడే బోర్డు కింద పని ఒప్పుకోకపోవడమే మేలు.

అప్పుల మాట తేలాకే కుర్చీ

గిబ్సన్‌లో ఇది సరైన వరుసలోనే జరిగింది. బాండ్లు పట్టుకున్న రుణదాతలు తమ అప్పును వాటాలుగా మార్చుకోవడానికి ఒప్పుకున్నారు. కేకేఆర్ పెట్టుబడి సంస్థ ప్రధాన యజమాని అయింది. గృహ వినోద విభాగాన్ని మూసివేయడానికి ఏర్పాటు జరిగింది. లీవైస్ జీన్స్ బ్రాండ్‌కు అధ్యక్షుడిగా పనిచేసిన జేమ్స్ కర్లీ సీఈఓగా వస్తున్నట్టు 2018 అక్టోబరులో ప్రకటించారు. నవంబరు 1న కంపెనీ దివాలా రక్షణ నుంచి బయటపడింది. అంటే కొత్త అధిపతి మొదటి రోజున వడ్డీ వసూలుదారులతో కాకుండా పనివారితో మాట్లాడగలిగాడు. పాత అప్పంతా అలాగే ఉండగా, ఒక ప్రతిభావంతుడు వచ్చి అమ్మకాలు పెంచి దానిని తీరుస్తాడని ఆశించడం ఆ మనిషికి అన్యాయం.

నాయకుడిని ఎంచుకునేవారికి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. బయటి రంగం నుంచి వచ్చినవారు పనికిరారని గిటార్ ప్రేమికులు తరచుగా అంటారు, ఆ భయంలో నిజం లేకపోలేదు. గిబ్సన్ కర్లీ ఒక్కరినే తీసుకురాలేదు. గిటార్లంటే ప్రాణమిచ్చే సీజర్ గెయికియన్‌ను ఆయన పక్కనే సరుకుల బాధ్యతలో నియమించింది. ఫెండర్ విషయానికొస్తే, యమహా అమెరికా శాఖలో పనిచేసిన బిల్ షుల్ట్జ్‌ను, మరికొందరిని 1981లో సీబీఎస్ పిలిపించుకుంది. వారు వాయిద్యాల వ్యాపారంలోనే ఎదిగినవారు. నా ఉద్దేశంలో వ్యాపారం తెలిసిన ఒకరు, మెడను చేత్తో పట్టుకోగానే లోపం చెప్పగల ఒకరు, ఇద్దరూ ఒకేసారి రావాలి. ఆ రెండవ వ్యక్తికి సరుకును ఆపేసే అధికారం రాతపూర్వకంగా ఉండాలి.

మొదటి నెల కార్ఖానాలోనే గడపాలి

ప్రకటనలు, కొత్త నినాదాలు, ఇంటర్వ్యూలు అన్నీ ఆగవచ్చు. మొదటి వారంలో చేయవలసిన పని చాలా సాదాది. దుకాణాలకు వెళ్లడానికి సిద్ధంగా పెట్టెల్లో ఉన్న గిటార్లలో ఓ ఇరవై, ఎవరూ ముందుగా ఎంచి పెట్టనివి, తెరిపించి బల్ల మీద పెట్టించాలి. మెడ చివర తీగలు ఆనే నట్ అనే పట్టీలోని గాడులు తీగ మందానికి సరిపడా ఉన్నాయా, లేక తీగను బిగించినప్పుడు టిక్కుమంటూ పట్టేస్తున్నాయా చూడాలి. తీగను బాగా లాగి వదిలాక శ్రుతి నిలుస్తుందా వినాలి. మెడ అంచు వెంట అరచేయి నడిపితే ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) కొసలు గీసుకుంటున్నాయా గమనించాలి. మన వీణ మెట్లను మైనంలో అమర్చేటప్పుడు ఎంత ఓపిక కావాలో, ఈ ఫ్రెట్లను సమం చేయడానికీ అంతే కావాలి, తొందర పడితే అది మొదట బయటపడేది ఇక్కడే. వెనక మూత విప్పి టంకం పని చూడాలి. మెడ ఒడలిలో కలిసే చోట పాలిష్ గడ్డకట్టిందా పరిశీలించాలి. ఇరవైలో ఎన్ని తిప్పి పంపవలసి వచ్చాయో ఆ సంఖ్యను కార్ఖానా గోడ మీద రాయించాలి, నెలనెలా రాయిస్తూనే ఉండాలి.

తర్వాత లోపం పుట్టిన చోటికి వెళ్లాలి. చాలా లోపాలు పనివారి చేతుల్లో కాకుండా గడువుల్లో పుడతాయి. కలపలో తేమ సుమారు 6 నుంచి 8 శాతానికి దిగే వరకు ఆరాలి, పనిచేసే గదిలో గాలి తేమ 45, 50 శాతం దగ్గర స్థిరంగా ఉండాలి. గిబ్సన్ వాడే నైట్రోసెల్యులోజ్ లక్కర్ అనే పాలిష్ పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది. మూడు నెలలకోసారి అమ్మకాల లెక్క చూపించాలన్న ఒత్తిడిలో ఈ రోజులను కోస్తే ఆ నెల లెక్క బాగుంటుంది, ఆరు నెలల తర్వాత ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి, పాలిష్ అతుక్కుంటుంది. షుల్ట్జ్ బృందం సీబీఎస్‌కు ఇచ్చిన ప్రణాళికలో ప్రధానమైనది నాణ్యతను సరిదిద్దడం. కార్ఖానాలో పెట్టుబడి పెట్టాలనీ అందుకోసం తయారయ్యే గిటార్ల సంఖ్య తగ్గినా సరేననీ వారు భావించారు. అదే సమయంలో తక్కువ ధర గిటార్లను జపాన్‌లో చేయించి, స్క్వయర్ పేరుతో 1982 నుంచి అమ్మారు. 1985లో ఉద్యోగులూ కొందరు పెట్టుబడిదారులూ షుల్ట్జ్ నేతృత్వంలో కంపెనీని 1.25 కోట్ల డాలర్లకు కొనుక్కున్నప్పుడు ఫుల్లర్టన్‌లోని పాత కార్ఖానా ఆ బేరంలో లేదు. పేరు, నమూనాలు, మిగిలిన సరుకు మాత్రమే చేతికొచ్చాయి. కాలిఫోర్నియాలోని కొరోనాలో కొత్త కార్ఖానాను కొద్ది మందితో, కొద్ది గిటార్లతో మొదలుపెట్టారు. ఆ చిన్న ఆరంభం వారికి మేలే చేసిందని నేను అనుకుంటాను.

ఈ నెలలోనే పాత పనివారితో విడివిడిగా మాట్లాడాలి. గిబ్సన్ పుట్టిన ఊరు మిషిగన్‌లోని కాలమజూ. అప్పటి యజమాని నార్లిన్ సంస్థ 1984లో అక్కడి కార్ఖానాను మూసి పనిని నాష్‌విల్‌కు తరలించింది. ఊరు విడిచి వెళ్లడానికి ఇష్టపడని కొందరు పనివారు 1985లో అదే పాత భవనంలో హెరిటేజ్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. యంత్రాలను లారీల్లో ఎక్కించవచ్చు, ముప్పై ఏళ్ల అరచేతి జ్ఞానాన్ని ఎక్కించలేం. కార్ఖానా తరలించక తప్పనప్పుడు, ఏ పని ఎవరికి మాత్రమే తెలుసో ముందు జాబితా రాసుకుని, వారు ఉండేందుకు ఏం కావాలో అడగాలి.

ఏం చేయడం ఆపాలి?

గిబ్సన్ 2015 నమూనాల్లో తనంతట తానే శ్రుతి చేసుకునే యంత్రాన్ని ఎక్కువ గిటార్లకు తప్పనిసరిగా బిగించింది, మెడ వెడల్పు చేసింది, ధరలు పెంచింది. ప్రయోగం చేయడం తప్పు కాదు, వద్దన్నవారికి మరో దారి లేకుండా చేయడం తప్పు. మరుసటి ఏడాదే సంప్రదాయ నమూనాలను విడిగా ఇవ్వవలసి వచ్చింది. కొత్త బృందం 2019 జనవరిలో సరుకును పాత తరహావి, ఆధునికమైనవి అని రెండు స్పష్టమైన వర్గాలుగా అమర్చింది. కొనేవాడు దుకాణంలో నిలబడి ఏది ఏమిటో ఒక నిమిషంలో గ్రహించగలగాలి. కొత్త అధిపతి నమూనాల జాబితాలో సగం కొట్టివేయడానికి సంకోచించకూడదు.

కలప దస్త్రాలు

ఈ భాగం మన దేశానికి నేరుగా సంబంధించినది. మనం జిట్రేగి అని పిలిచే భారతీయ రోజ్‌వుడ్ ప్రపంచంలోని ఎన్నో గిటార్ల మెడ పలకలకు వెళుతుంది. 2011 ఆగస్టులో అమెరికా అధికారులు గిబ్సన్ కార్ఖానాల మీద దాడి చేసి పట్టుకున్నది భారత్ నుంచి వచ్చిన రోజ్‌వుడ్, ఎబొనీ (నల్లని గట్టి కలప) పలకలనే. ఆ పలకలు మన ఎగుమతి నిబంధనల కింద పూర్తయిన వస్తువులా, కోసిన ముడి కలపా అన్నదే వివాదం. 2012లో రాజీ కుదిరింది. అంతకు ముందు 2009లో పట్టుబడిన మడగాస్కర్ ఎబొనీ వ్యవహారం కూడా అందులో ఉంది. గిబ్సన్ 3 లక్షల డాలర్ల జరిమానా కట్టింది, భారతీయ కలపను అధికారులు ఆ కంపెనీకి తిరిగి ఇచ్చేశారు. తర్వాత 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నీ అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ అనుమతుల పరిధిలోకి వచ్చాయి. ఫెండర్ మెక్సికోలో చేసే గిటార్లకు పావ్ ఫెరో కలపకు మారింది. పూర్తయిన వాయిద్యాలకు 2019 నవంబరు చివరి నుంచి మినహాయింపు దొరికింది. కొత్త అధిపతి గోదాములో ఉన్న ప్రతి కలప దొంతరకూ కాగితాలున్నాయో లేదో న్యాయవాదితో స్వయంగా సరిచూసుకోవాలి. పాతవారు చేసిన తప్పుకు కొత్తవారే జవాబుదారీ అవుతారు.

దుకాణదారులు, వాద్యకారులు, పోటీదారులు

చిన్న దుకాణదారుల దగ్గరకు ఫోనులో కాకుండా మనిషిగా వెళ్లాలి. ముందస్తుగా పెద్ద సరుకు కొనాలన్న షరతులు ఉంటే సడలించాలి, చెడిన గిటార్‌ను తిరిగి తీసుకునే పద్ధతిని సులువు చేయాలి. 2018 జనవరిలో వాయిద్యాల వ్యాపారులందరూ కలిసే నామ్ ప్రదర్శనకు గిబ్సన్ రాలేదు, ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనకు వెళ్లింది. మరుసటి ఏడాది కొత్త బృందం తిరిగి నామ్‌కు వచ్చింది. ఆ రావడంలో క్షమాపణ అడిగినంత అర్థం ఉందని వ్యాపారులు గ్రహించారు.

అయితే అదే బృందం 2019 జూన్‌లో తొందరపడింది. తమ గిటార్ల ఆకారాలను అనుకరించేవారిని హెచ్చరిస్తూ ఒక వీడియో విడుదల చేసింది. అభిమానులే తిరగబడడంతో దానిని తీసేయవలసి వచ్చింది. తర్వాత కొందరు చిన్న తయారీదారులతో అనుమతి ఒప్పందాలు చేసుకుంది. ఈ రెండవ పనే ముందు చేసి ఉంటే ఎంత బాగుండేది! హక్కు ఉన్నా సరే, సొంత సరుకు మీద నమ్మకం తిరిగి రాకముందు పోటీదారును న్యాయస్థానానికి లాగకూడదు.

దిగిపోవడానికి ఏర్పాటు

1986లో హెన్రీ జస్కెవిచ్, ఆయన మిత్రులు గిబ్సన్‌ను 50 లక్షల డాలర్లకు కొని మూతపడకుండా కాపాడారు. ఆయన్ను తలచుకున్నప్పుడు ఈ మాట మరవకూడదు. అదే వ్యక్తి ముప్పై రెండేళ్ల తర్వాత కంపెనీని న్యాయస్థానానికి తీసుకెళ్లవలసి వచ్చింది. ఒకరి చేతిలో అంతకాలం ప్రశ్నించేవారు లేకుండా అధికారం ఉండడమే ఇందుకు పెద్ద కారణమని నా అభిప్రాయం. అందుకే తొలి ఏడాదిలోనే వారసుడి ఎంపిక మొదలుపెట్టాలి. 2023లో కర్లీ వెళ్లిపోయినప్పుడు గిబ్సన్ బయట వెతకలేదు. అయిదేళ్లుగా లోపలే ఉన్న గెయికియన్ మొదట తాత్కాలికంగా, తర్వాత పూర్తికాలం సీఈఓ అయ్యారు.

అప్పగింతకు ఒక పుస్తకం కూడా సిద్ధం చేయాలి. ప్రతి నమూనా మెడ కొలతలు, తల వంపు కోణం, జిగురు రకం, లక్కర్ పూతల సంఖ్య, ఆరబెట్టే రోజులు, గోడ మీద నెలనెలా రాసిన తిప్పి పంపిన గిటార్ల లెక్క అన్నీ అందులో ఉండాలి. దానిని సీఈఓ గదిలో దాచకుండా, మెడలు చెక్కే బల్ల పక్కన, పనివారెవరైనా తీసి చూసుకునేలా ఉంచాలి.