ఏడీహెచ్‌డీ గురించి నలుగురికీ చెప్పాలనుకుంటే

తెనాలిలో నాకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. మా అమ్మాయికి ఎనిమిదో ఏట ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య, ఉందని తేలింది. డాక్టరుగారు లక్షణాలు ఒక్కొక్కటే అడుగుతుంటే మా ఆవిడ పిల్లను వదిలేసి నా వైపు చూస్తూ కూర్చుంది. ఆరు నెలల తర్వాత నాకూ అదే అన్నారు. అప్పటికి నా వయసు 39. ఇది వంశంలో నడుస్తుందని ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి ఏ బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినా పూట దుకాణం కట్టేసి వెళ్లి మాట్లాడి వస్తున్నాను. మీరూ ఈ పనికి దిగుతానంటే, నేను దెబ్బలు తిని నేర్చుకున్నది చెబుతాను.

ముందు ఒక్క బడిని ఎంచుకోండి. నేను మొదట్లో 200 కరపత్రాలు అచ్చు వేయించి బస్సులో మరిచిపోయాను. మంచిదే అయింది. అందులో ‘నాడీ వికాస సంబంధ రుగ్మత’ వంటి మాటలే ఉన్నాయి, చదివేవాళ్లు పారిపోయేవారు. (ఇప్పుడు తీసుకెళ్లాల్సిన వాటి చీటీ మా ఆవిడ నా హెల్మెట్‌లో పెడుతుంది.)

హెడ్మాస్టరు దగ్గరకు వెళితే ‘మా బళ్లో అలాంటి పిల్లలు లేరండీ’ అంటారు. వాదించకండి. రోజూ పెన్సిలు పోగొట్టుకునేవాళ్లు, లెక్క వచ్చి కూడా సగంలో వదిలేసేవాళ్లు ఉన్నారా అని అడగండి. ఒకాయన అక్కడికక్కడే ముగ్గురి పేర్లు చెప్పారు. ఆ పేర్లు రాసుకోవద్దు, సభలో ఏ పిల్లవాడి వైపూ చూడవద్దు. ప్రభుత్వ బడి అయితే ఇంకో మాట పనికొస్తుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చే వైద్య బృందాలు చూడవలసిన సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. అది చెప్పాకే నాకు రెండు బడుల్లో ఇరవై నిమిషాలు దొరికాయి.

ఆ ఇరవై నిమిషాల్లో ఉపన్యాసం వద్దు. నేను ఒక తండ్రిని ముందుకు పిలిచి, కాగితం ఇచ్చి, కిరాణా చీటీ రాయమంటాను. కందిపప్పు కిలో, చింతపండు పావుకిలో, బెల్లం అరకిలో అని పది సరుకులు గబగబా చెబుతాను. అదే సమయంలో ఒక టీచరు ఆయన చెవి దగ్గర క్రికెట్ స్కోరు చదువుతారు, ఒక కుర్రవాడు వెనక నుంచి స్కేలుతో బల్ల మీద కొడుతుంటాడు. నాలుగో అయిదో సరుకులు పడతాయి. అప్పుడు నేను గొంతు పెంచి ‘చీటీ రాయడం కూడా రాదా? ఒళ్లు వంచితేగా!’ అంటాను. హాలంతా నవ్వుతుంది. తిడతానని ఆయనకు ముందే చెప్పి ఒప్పించాలి. ఒకసారి చెప్పకుండా చేసి, నాకు రావలసిన తిట్లు నాకు వచ్చాయి. ఇంకోసారి ఒక తాపీమేస్త్రి మాత్రం నవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, ‘మావాడిని రోజూ ఈ మాటే అంటానండీ’ అన్నాడు. ఆ తర్వాత నేను వివరించడానికి పెద్దగా మిగలలేదు.

‘అల్లరి చేసే ప్రతివాడికీ ఇదేనా?’ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. కాదని స్పష్టంగా చెప్పండి. లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, కనీసం ఆరు నెలలుగా సాగుతుండాలి, ఇంట్లోనూ బడిలోనూ, అంటే రెండు చోట్లయినా ఇబ్బంది పెడుతుండాలి. అసలు అల్లరే లేకుండా కూడా ఉండవచ్చని ఆడపిల్లల తల్లులకు మరీ మరీ చెప్పండి. మా అమ్మాయి బళ్లో ఎప్పుడూ నోరెత్తలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ‘బుద్ధిమంతురాలు, కాస్త పరధ్యానం’ అని మూడేళ్లు ప్రోగ్రెస్ కార్డులో రాసిచ్చారు, మేము మురిసిపోయి సంతకాలు పెట్టాము.

మందుల గురించి అడిగితే డాక్టరు దగ్గరకు పంపండి, అంతే. మీ పిల్లలు వాడే మందు పేరు పొరపాటున కూడా చెప్పవద్దు, సాయంత్రానికి మందుల షాపుకు వెళ్లేవాళ్లుంటారు. వైకల్య సర్టిఫికెట్ సంగతికొస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు, లేని ఆశ పెట్టకండి. ‘మీవాడికి ఇదే’ అని తేల్చే పని మనది కాదు.

చీటీల మీద టెలీమానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఉచిత ఫోన్ సాయం) నంబరు 14416 పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్లండి. అక్కడ తెలుగులో మాట్లాడతారు.

సభ అవగానే బయల్దేరవద్దు, గేటు దగ్గర అరగంట నిలబడండి. అందరిలో అడగలేనివాళ్లు అక్కడికొస్తారు. మొన్న ఒక పెద్దావిడ అందరూ వెళ్లేదాకా వేపచెట్టు కింద ఆగి, ‘మనవడికి కాదు బాబూ, వాళ్ల నాన్నకి. ఇంత వయసులో చూపించుకోవచ్చా?’ అని అడిగింది. చూపించుకోవచ్చమ్మా, నేను చూపించుకున్నాను కదా అన్నాను. నంబరు చీటీలు రెండు అడిగి తీసుకుంది.